తీయొద్దు అని రాసిన ఇరవై రెండు లైన్లు

మా కాగితం మిల్లులో యంత్రాల వేడి, తేమ, ఆవిరి ఒత్తిడి లెక్కగట్టి ఆఫీసుకు పంపే ప్రోగ్రాం మా మావయ్య రాసింది. అమ్మకు తమ్ముడు. పదిహేడేళ్ల క్రితం ఒక్కడే కూర్చుని రాశాడు. రిటైరై మూడేళ్లయినా మిల్లు ఆయన్ని వదల్లేదు, దాని గుట్టు ఇంకెవరికీ తెలియదు మరి. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నేనూ నోరు తెరుచుకుని వినేదాన్ని, నా బుద్ధి ఏ గడ్డి మేసిందో.

ఈమధ్య బయటి కంపెనీ నుంచి మిడిల్‌వేర్ తెచ్చారు. యంత్రం ఏ అంకె చెబితే ఆ అంకె పట్టుకెళ్లి ఆఫీసు కంప్యూటర్లకు అందించే రెడీమేడ్ సరుకు. పాతది ఉంచాలా, తీసేసి ఇది పెట్టాలా అన్న రిపోర్టు నన్ను రాయమన్నారు.

"ఆయన మా మావయ్య కదండీ," అన్నాను మేనేజరుతో.

"అందుకే మీరు రాయాలి. మీరే తీసేయమంటే ఇక ఎవరూ నోరెత్తరు," అన్నాడాయన, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు.

తీసేయమంటే మావయ్య కుర్చీ పోతుంది. ఆ కుర్చీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. ఉంచమని రాయడానికే కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కారణాలు తర్వాత వెతుక్కుందామనుకున్నాను.

రెండు వారాలు రెండింటినీ పక్కపక్కనే నడిపాం. కాగితం ఆరబెట్టే నాలుగో రోలరు దగ్గర తేడా వచ్చింది. కొత్తది నూట పన్నెండు డిగ్రీలంటుంది, మావయ్యది నూట పద్దెనిమిదంటుంది. అక్కడి వేడి చూపే గేజీ చూస్తే నూట పన్నెండే. కంపెనీ ఇంజనీరు నవ్వు దాచుకోను కూడా లేదు.

"వాడి మొహం!" అన్నాడు మావయ్య. "ఆ గేజీ తలుపు పక్కనుంది. చల్లగాలి కొట్టి ఆరు తక్కువ చూపిస్తుంది. చేతి థర్మామీటరుతో నెల్లాళ్లు చూసి మరీ కలిపాను. వాడి అంకె నమ్మి వేడి పెంచితే కాగితం పెళుసెక్కి తెగిపోతుంది."

వెళ్లి కొలిచి చూశాను. అక్షరాలా నిజం. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదంతా ఎక్కడ రాసిపెట్టావు మావయ్యా?"

"రాయడమెందుకే? నేనున్నాగా!"

ప్రోగ్రాంలో వెతికితే అలాంటి సవరణల లైన్లు నలభై ఒకటి బయటపడ్డాయి. ఒకచోట ఆరు కలిపాడు, ఇంకోచోట రెండు తీశాడు. ప్రతిదాని పక్కనా ఒకటే మాట: తీయొద్దు.

కారణాలన్నీ రాసుకుంటే ఆయన్ని ఎవరూ కదపలేరని నా ఆశ. మధ్యాహ్నం రెండు టీలు తెప్పించి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పందొమ్మిది గడగడా చెప్పాడు, అప్పటి ఫోర్‌మన్ తిట్లతో సహా. ఇరవయ్యోది గుజ్జు తొట్టి మట్టం. అక్కడ ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"తర్వాతది చూపించు."

తర్వాతదీ అంతే. ఆ పై వచ్చింది బాయిలరు ఒత్తిడి, అదీ అంతే. టీ మీద మీగడ కట్టింది. నలభై ఒకటోదాని దాకా ఒక్కొక్కటే చూపిస్తూ పోయాను, ఎందుకు ఆపలేదో నాకే తెలియదు.

"ఇదెవరు రాశారే?" అన్నాడు చివరికి.

"నువ్వే మావయ్యా."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. "పైన చెప్పకే."

చెప్పనన్నాను. ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది. రేపెవరో బాయిలరు గేజీ మారుస్తారు. ఈ లైను మాత్రం ఎవరూ తీయక పాత లెక్కే చెబుతూ ఉంటుంది. దాని పక్కన మనుషులు పనిచేస్తారు. అది తెలిసీ ఉంచమని ఎలా రాయను?

తీసేయమనే రాశాను. ఆయన మరుపు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ ప్రోగ్రాం నడిచే పాత కంప్యూటర్లు ఇక దొరకవని కారణం చూపించాను.

రిపోర్టు నకలు పట్టుకుని మావయ్య నా బల్ల దగ్గరికొచ్చాడు.

"కంప్యూటర్లు దొరకవా? స్టోరులో నాలుగున్నాయి కదే! ఒక్క మాట నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఒక్కసారైనా నా పక్కన కూర్చుని అడిగావా?"

ఆ మధ్యాహ్నం కూడా ఆయనకు గుర్తులేదు. గుర్తు చేద్దామని నోరు తెరిచాను. "తప్పయిపోయింది మావయ్యా," అన్నాను. ఆయన నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మా ఇంటికి రావడం మానేశాడు. ఏం చేశావే వాడిని అని అమ్మ అడుగుతూనే ఉంది.

కొత్తదానిలోకి సవరణలు ఎక్కించే పనీ నాకే వచ్చింది. ప్రతిదానికీ కారణం అని ఒక గడి ఉంది. అది నింపితే తప్ప ముందుకు పోనివ్వదు. పందొమ్మిదింటికి మావయ్య చెప్పినవి రాశాను. మిగతా యంత్రాల దగ్గరికి థర్మామీటరుతో, కొలబద్దతో, ఒత్తిడి కొలిచే చేతి గేజీతో తిరిగాను. కలిపిన అంకె సరిపోయింది. ఎందుకు కలపాలో ఏ యంత్రమూ చెప్పలేదు. గడువు ఆ రోజుతో సరి.

ఇరవయ్యోదాని గడిలో తీయొద్దు అని రాశాను. ఇరవై ఒకటోదానిలోనూ అదే రాశాను.