నాలుగు ముళ్ళ ఖాళీ

నేను ఒక్కచోట కుదురుగా ఉండలేని ఇనుమును. నా పుట్టుకే అలాంటిది. ఒకప్పుడు ఎద్దులబండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలో భాగాన్ని. మడకశిర చుట్టుపక్కల సంతలన్నీ రాళ్ళ మీద దొర్లి దొర్లి తిరిగాను. బండి పోయి ట్రాక్టరు వచ్చాక, ఆ పట్టాలోంచి రెండు జానల ముక్క కోసి మౌనేశాచారి నన్ను చేశాడు. పేరుకు మౌనేశుడే గాని, కొలిమి ఆరినా ఆయన నోరు ఆరేది కాదు. నన్ను కొడుతున్నంతసేపూ నాకే కబుర్లు చెప్పాడు. రెండు అర్ధచంద్రాలుగా వంచి, మధ్యలో మడతబందు వేసి, లోపల తోలు కుట్టి, బయట చుట్టూ పదహారు ముళ్ళు దిగగొట్టాడు.

మందను కాసే కుక్క మెడకు కట్టే ముళ్ళ పట్టెడను నేను. తోడేలు కుక్క మీద పడితే ముందుగా పట్టేది గొంతు. ఆ గొంతుకూ దాని కోరకూ మధ్య నిలబడటమే నా ఉద్యోగం. మనుషులు ముచ్చటపడి మెడకు తగిలించుకునేవాటికి ముళ్ళు లోపలివైపు ఉంటాయని విన్నాను. నావి బయటికే ఉంటాయి.

నన్ను చేయించినది సిద్దప్ప. అప్పటికి ఆయన మీసం నల్లగా ఉండేది, అరవై గొర్రెలుండేవి. ఆ ప్రాంతంలో గొర్రెలనూ మేకలనూ జీవాలంటారు. జీవాలను సిద్దప్ప కాస్తాడని ఊరంతా అనుకునేది. ఆయన కంబళి పరుచుకుని తుమ్మచెట్టు కింద నడుం వాల్చినప్పుడు కాసిందెవరో నాకూ కుక్కకూ తెలుసు. పోనీలెండి, పేరు యజమానిది, పరుగు మాది. మొదట బసివి అనే ఆడకుక్క మెడలో తొమ్మిదేళ్ళు తిరిగాను. తర్వాత మల్లుగాడితో పదకొండేళ్ళు. ఒక కుక్క పోయి ఇంకో కుక్క మెడ ముదిరేదాకా నన్ను దొడ్డి గుంజకు తగిలించేవారు. ఖాళీ పట్టెడను మూసి ఉంచితే చావును పిలిచినట్టని సిద్దప్ప ఇంట్లో నమ్మకం. అందుకే నోరు తెరుచుకుని వేలాడేదాన్ని. గాలికి గుంజను కొట్టుకుంటూ, ఎప్పుడు బయటికి పోతానా అని చూడటమే పని. ఆ నెలలు ఎలా గడిచేవో అడగకండి.

మూడో కుక్క వచ్చేనాటికి సిద్దప్పకు అరవై అయిదు దాటాయి. దొడ్డి మూలన పిల్లను ఒళ్ళోకి తీసుకుని కాసేపు చూసి, దానికి నల్లోడని పేరు పెట్టాడు. కుక్కపిల్లేమో కాల్చిన ఇటుకరంగులో ఉంది. కొడుకు ఓబుళపతి పగలబడి నవ్వాడు. నాయనకు ముసలితనంలో ఎకసెక్కాలు ఎక్కువయ్యాయన్నాడు. కోడలు మారెక్క మాత్రం నవ్వలేదు. చేతిలోని చాట దించి మామ మొహంలోకి చూసి, మళ్ళీ చాట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సిద్దప్పకు చూపు మసకబారుతోంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఓబుళపతి సోలారు ప్లాంటులో గేటు కాపలాకు చేరి మూడేళ్ళయింది. జీవాలు అమ్మేద్దామని అప్పటికే రెండుసార్లు బేరగాళ్ళను తీసుకొచ్చాడు. కళ్ళు పోయాయని తెలిస్తే మూడోసారి ఆపడం ఎవరి తరమూ కాదు. జీవాలు లేని సిద్దప్ప ఏం చేస్తాడు? ఊళ్ళో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ అడుగుల చప్పుడు వింటాడు. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు వణుకు. నాకైతే ఆయన వణుకు బాగా అర్థమయ్యేది.

నల్లోడి మెడ ముదిరి నేను దానికెక్కాక, ఒకనాడు ఆయన వంకలోకి దిగుతూ కాలు జారి పడ్డాడు. నల్లోడు పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడింది. లేవడానికి ఆసరా కోసం ఆయన నన్నే పట్టుకున్నాడు. అరచేయి చీరుకుపోయింది. అయినా వదల్లేదు. ఆ రోజు ఇంటిదాకా నల్లోడే నడిపించుకొచ్చింది. గుంత దగ్గర ఆగింది, ముళ్ళకంప దగ్గర పక్కకు తిప్పింది. ఎవరూ నేర్పలేదు. గొర్రెపిల్లను మళ్ళించడం తెలిసినదానికి మనిషిని మళ్ళించడం ఏమంత కష్టం?

మర్నాడు పొద్దున్నే నన్ను మౌనేశాచారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ముళ్ళు జీవాలకు గుచ్చుకుంటాండాయప్పా. ఎడమపక్క నాలుగు తీసెయ్” అన్నాడు.

ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ గుచ్చుకోని ముళ్ళు ఇప్పుడే ఎలా గుచ్చుకుంటున్నాయని ఆచారి అడిగాడు. సిద్దప్ప నన్ను ఆయన చేతిలో పెట్టాడు. ఆచారి ఉలి తీసి, నన్ను దిమ్మె మీద పెట్టాడు.

“కంచె కట్టి ఒక పక్క సందు ఇడిసినట్లుంటాది సిద్దప్పా. తోడేలుకు చదువు రాదు గాని సందు తెలుస్తాది” అన్నాడు.

అయినా తీశాడు. ఆకురాయితో నున్నగా అరగదీశాడు. నాలుగు వేళ్ళు పట్టేంత చోటు. కుడిపక్కా వెనకా ముందూ నేను ముళ్ళ పట్టెడనే, ఎడమపక్క మాత్రం ఒట్టి కడియాన్ని. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అసలు నాకు కన్నే లేదు కదా అంటారేమో, మీ మాటలతోనే నా బాధ చెప్పుకుంటున్నాను.

ఏడాదిన్నర అలాగే గడిచింది. ఎడమచేతిలో కర్ర, కుడిచేతిలో నేను. పదిమంది ఎదురైనప్పుడు చేయి తీసేసి నిటారుగా నడిచేవాడు. వాళ్ళు దాటగానే మళ్ళీ నా కోసం తడిమేవాడు. గొప్ప మోసగాడినని ఆయన అనుకునేవాడు. కట్టెల కోసమని మారెక్క రోజూ ఆ వంకవైపే వచ్చేది. ఇంటి ముందు మూడేళ్ళు వండినా తరగనన్ని కట్టెలు పేరుకుపోయాయి. అన్ని కట్టెలెందుకని మామ అడగలేదు, ఈ పట్టెడకు ముళ్ళేవని కోడలు అడగలేదు. మనుషులు ఒకరినొకరు ఇలా కాసుకుంటారు. నాకు మాత్రం ఎవరైనా నోరు తెరిచి అడిగితే బాగుండుననిపించేది.

ఆ రోజు మబ్బు పట్టి గాలి తోలుతోంది. మధ్యాహ్నం మూడు దాటింది. జీవాలు వంక ఒడ్డున తలలు దించి మేస్తున్నాయి. ఉన్నట్టుండి నా కింద నల్లోడి వెంట్రుకలు లేచాయి. మెడ బిగిసింది. నాకు వెంటనే తెలిసిపోయింది. నల్లోడు ముందుకు గుంజింది. కుందేలు వాసన తగిలిందనుకుని సిద్దప్ప “ఉండ్రా” అంటూ నాలుగు వేళ్ళూ ఇంకా బిగించాడు. ముందుకు మెడ, వెనక్కి చెయ్యి, మధ్యన నేను. వదులు, వదులు అని మొత్తుకుందామంటే ఇనుముకు నోరెక్కడిది? గొర్రె అరిచాక గాని ఆయనకు అర్థం కాలేదు. వేళ్ళు విప్పాడు.

తోడేలు గొర్రెపిల్ల తొడ పట్టి వంకలోకి ఈడుస్తోంది. మమ్మల్ని చూసి దాన్ని వదిలి తిరిగింది. మొదటిసారి కుడివైపు నుంచి మీదపడింది. నా ముళ్ళు దాని నోట్లో దిగాయి. నెత్తురు కక్కుకుంటూ వెనక్కి తగ్గింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గర్వంగానే ఉంది. అది చుట్టూ ఒక్కసారి తిరిగి చూసుకుంది. రెండోసారి ఎడమవైపు నుంచి వచ్చింది. కోర నా నున్నటి ఇనుము మీద జారి, తోలు అంచు దాటి మాంసంలోకి దిగింది. పన్నెండు ముళ్ళు గాలిలోకి చూస్తూ ఉండిపోయాయి. నా జన్మలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు.

సిద్దప్ప చప్పుడును బట్టి పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లు పడి రెండుసార్లు లేచాడు. మా దగ్గరికి వచ్చి కర్ర పైకెత్తాడు. ఎత్తిన కర్ర అలాగే ఆగిపోయింది. ఆయన కళ్ళకు దుమ్ములో కలబడుతున్న రెండు మసక ముద్దలు తప్ప ఏమీ కనిపించలేదు. ఏది తోడేలో ఏది నల్లోడో తెలియదు. కొడితే ఎవరికి తగులుతుందో తెలియదు. నల్లోడి ఊపిరి నా తోలుకు తగలడం తగ్గిపోతోంది.

అప్పుడు గట్టు మీద నుంచి మారెక్క గొంతు వినిపించింది. అరుపు కాదు, దారి చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

“మామా, నీ కుడిపక్క ఉండేది తోడేలు. కొట్టు.”

కొట్టాడు. రెండు దెబ్బలకు తోడేలు పట్టు వదిలి వంకలోకి దూకి పారిపోయింది. మారెక్క దిగివచ్చి నన్ను విప్పి, తన కొంగు చించి నల్లోడి మెడకు చుట్టింది. ఇద్దరూ కంబళిలో వేసి మోసుకెళ్ళారు. తోవ పొడుగునా ఆమె ముందు నడుస్తూ గుంతలు చెప్పింది, ఆయన విన్నాడు. ఎప్పటి నుంచి తెలుసు అని ఆయన అడగలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పద్నాలుగు కుట్లు వేసింది. కుట్లు వేస్తూ తన ఇంటి కుక్క సంగతి చెప్పింది. అది బోర్డర్ కోలీ అట. దూరదేశాల కొండల్లో వందల గొర్రెలను ఒట్టి చూపుతో మళ్ళించే జాతట. హిందూపురంలో మూడో అంతస్తు ఫ్లాటులో దానికి ఒక్క గొర్రె కూడా లేదు. అందుకని సాయంత్రమయ్యేసరికి డాక్టరమ్మ పిల్లలిద్దరినీ, వాళ్ళను చూడవచ్చిన వాళ్ళ నాయనమ్మనూ సోఫా మూలకు తోలి ఎదురుగా కాపలా కూర్చుంటుందట. బల్ల మీద పడి ఉన్న నాకు ఆ చూడని కుక్క మీద ఎక్కడలేని జాలి కలిగింది. పరుగెత్తడానికి పుట్టినదాన్ని ముద్దు కోసం పెంచుకుంటారు. ముద్దు తక్కువేం కాదు. అయినా కాళ్ళ దురద ముద్దుతో తీరదు.

చివరికి ఆమె నల్లోడి కంట్లోకి వేసిన టార్చిలైటును సిద్దప్ప కంట్లోకి తిప్పింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషను చేస్తే చూపు వస్తుందనీ చెప్పింది. సిద్దప్ప బిత్తరపోయాడు. ముసలితనం అనుకున్నదానికి మందుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగనిస్తే కదా.

ఉచిత కంటి శిబిరంలో ఒక కన్ను, రెండు నెలలకు ఇంకో కన్ను బాగుచేశారు. అన్నాళ్ళూ మారెక్కే జీవాలను తోలుకెళ్ళింది. నేను గుంజకు వేలాడుతూ రోజులు ఈడ్చాను. మొదటి కన్ను కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజే సిద్దప్ప నేరుగా దొడ్డిలోకి వచ్చాడు. నల్లోడిని చూసి, ఇదెవరి కుక్క అన్నాడు. మనదేనని మారెక్క చెప్పింది. ఎర్రగా ఉందేమన్నాడు.

“పేరు పెట్టింది నువ్వే కదా మామా” అంది.

నవ్వాడు. నవ్వుతూ మెడ మీది మచ్చను చూశాడు. తర్వాత గుంజ మీద నన్ను, నా ఎడమపక్కను చూశాడు. కళ్ళు తడి చేసుకోవద్దని కంటి డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. మనుషులు డాక్టరు మాట ఎంత వింటారో మీకు తెలిసిందే. నా నున్నటి చోట వేళ్ళు పెట్టి ఆయన చాలాసేపు ఏడ్చాడు. ఆయన మీద నాకున్న కోపం అంతటితో పోయింది.

మౌనేశాచారి కొలిమి ఎప్పుడో పోయింది, ఇప్పుడు వెల్డింగు మిషను ఉంది. నాలుగు కొత్త ముళ్ళు అతికించాడు. నేను మళ్ళీ నల్లోడి మెడకెక్కాను.

కథ ఇక్కడ అయిపోవాలి కదా. అవలేదు. నల్లోడు మందలోకి పోలేదు. సిద్దప్ప కుడిపక్క, సరిగ్గా చేతికి అందేంత దూరంలో నడిచేది. ఆయన తోలితే రెండడుగులు వేసి తిరిగి వచ్చేది. నా కింద దాని మెడ గొర్రెలవైపు ఒకసారి, ఆయనవైపు ఒకసారి తిరిగి తిరిగి నన్ను ఒరిపిడి పెట్టేది. గాయం మచ్చ చూడటానికి వచ్చిన డాక్టరమ్మ సంగతి తేల్చేసింది. మందలో బలహీనమైన జీవాన్ని విడవకుండా కాయడం దాని గుణమట. ఈ మందలో దానికి కనిపించిన బలహీన జీవం సిద్దప్పేనట. ఆయనకు చూపు వచ్చిందని దానికెవరు చెప్పాలి?

కాపలా లేని గొర్రెలు రెండుసార్లు పక్కవాళ్ళ శెనక్కాయ చేలో పడ్డాయి. ఓబుళపతికి మాట దొరికింది. మంద కాయని కుక్కను తన ప్లాంటు గేటుకు కట్టేస్తాననీ, గొలుసు కూడా వాళ్ళే ఇస్తారనీ అన్నాడు. వచ్చే ఆదివారం తీసుకెళ్తానన్నాడు. మారెక్క మామవైపు చూసింది. ఆయన నల్లోడి తల నిమిరాడు. గొలుసు మాట విన్నప్పటి నుంచి నా ముళ్ళన్నీ జిల్లుమంటూనే ఉన్నాయి.

శనివారం పొద్దున వంక అవతలి దిబ్బ మీద తోడేలు కనిపించింది. ఈసారి ముందుగా చూసినది సిద్దప్ప. గొర్రెలు ఇంకా తల ఎత్తలేదు. నల్లోడి వెంట్రుకలు లేచాయి గాని కాళ్ళు కదల్లేదు. తోడేలు వైపు గుర్రుమంటూనే ఆయన మోకాలికి ఇంకా దగ్గరగా జరిగింది. సిద్దప్ప దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మొహంలో మొహం పెట్టి చూశాడు.

“నాకు కనపడ్తాందిరా. నువ్వు పో” అన్నాడు.

నల్లోడు ఆ కళ్ళలోకి ఎంతసేపు చూసిందో. ఏం కనిపించిందో నాకు తెలియదు, నేను మెడ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఉన్నట్టుండి నా కింద నరాలన్నీ ఒక్కవైపుకు తిరిగాయి. మేము బయలుదేరాం. గాలి నా పదహారు ముళ్ళ మధ్య నుంచి కోస్తూ పోయింది. మమ్మల్ని చూడగానే తోడేలు దిబ్బ దిగి అటే పోయింది. అయినా నల్లోడు దిబ్బ చుట్టూ తిరిగి, వాసన చూసి, జీవాలన్నిటినీ ఒక్కచోటికి మలిపింది.

పరుగులో ఒకసారి వెనక్కి తిరిగినప్పుడు ఆయన్ని చూశాను. లేచి నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. కుడిచేయి మాత్రం పక్కకు చాచి, కుక్క మెడ ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున, గాలిలో పెట్టుకుని ఉన్నాడు. మేము తిరిగి వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు.