డిప్యూటీ దాటిన వంతెన

మూడేళ్లుగా ఫైనా రాసిన అర్జీలన్నీ ఒక్క వంతెన గురించే. క్రివుషాకు ఆమెను ఊరి పెద్దగా ఎన్నుకున్నది పన్నెండు మంది. ఊరంతా కలిపితే ఆ పన్నెండు మందే. షిల్మా నదికి అవతల మట్టిరోడ్డు, దాని మీద ఇరవై ఏడు కిలోమీటర్లు పోతే జిల్లా కేంద్రం. ఇవతల క్రివుషా, దాని వెనక బురదనేల, అడవి. మూడేళ్ల కిందట ఏప్రిల్లో, నది మీది మంచు పగిలి కొట్టుకొచ్చినప్పుడు, బండ్లు పోయే వంతెన ఊడ్చుకుపోయింది. నాలుగు జతల గుంజలు, వాటి మీద రెండు దూలాలు మిగిలాయి.

ఇవతలి గ్రామ పాలనవాళ్లను అడిగితే, "సరిహద్దు నది నడిమధ్యన పోతుందమ్మా, సగం వంతెన అవతలివాళ్లది, ముందు వాళ్లతో రాయించుకురా" అన్నారు. అవతలివాళ్లూ అదే పాట పాడారు. నిరుడు రెండు గ్రామ పాలనలనూ ఎత్తేసి జిల్లాలో కలిపేశారు. ఇక సగాల గొడవ తీరిందని ఫైనా సంబరపడింది. జిల్లా ఆఫీసులో కుర్చీలో కూర్చున్న పిల్ల కంప్యూటర్ చూసి, ఆ రెండు సగాలూ ఏ జాబితాలోనూ లేవని చెప్పింది. ఆ రోజు ఇల్లు చేరేదాకా ఫైనా పళ్లు నూరుతూనే ఉంది.

ఆమె భర్త రదియోన్‌కు గుండెజబ్బు. ఈ ఏడు మే నెలలో నొప్పి వస్తే అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. తలుపు ఊడదీసి, అతన్ని దాని మీద పడుకోబెట్టి, ఆ దూలాల మీద మోసుకుపోయారు. మోసిన నలుగురిలో ముగ్గురు డెబ్బై దాటినవాళ్లు. "ఇంకోసారి వస్తే నన్నిక్కడే పోనివ్వండి, నా కోసం మీరంతా నీళ్లలో పడి చావడమెందుకు" అన్నాడు రదియోన్ ఆసుపత్రి నుంచి వచ్చాక. అప్పటినుంచి ఫైనాకు వంతెన తప్ప వేరే ధ్యాస లేదు.

సెప్టెంబరులో ఫోను వచ్చింది. జిల్లా పరిపాలన డిప్యూటీ షూస్తికొవ్ గురువారం స్వయంగా వచ్చి చూస్తాడట.

కొంప మునిగింది అక్కడే. పెద్ద అధికారి వస్తున్నాడంటే ఆ ప్రాంతంలో ఎవరికీ చేతులు ఊరుకోవు. ఊడ్వాలి, కడగాలి, రంగు వెయ్యాలి.

"అంతటి మనిషి ఆ దూలాల మీద కోతిలా పాకుతూ వస్తాడా? మన పరువేం కావాలి?" అంది పక్కింటి లుకేరియా ముసలమ్మ.

"అలాగే ఉండనీ పిన్నీ. మన అవస్థేదో ఆయన కూడా చూస్తాడు."

"చూస్తాడు, జారి నీళ్లలో పడతాడు. అప్పుడు నీకొచ్చేది వంతెన కాదు, కేసు."

పాత ట్రాక్టర్ డ్రైవర్ తీహొన్ తన పశువుల కొట్టం చెక్కలు ఊడదీసి మోసుకొచ్చాడు. రెండు రోజుల్లో దూలాల మీద చెక్కలు పరిచి మేకులు కొట్టారు, పక్కన పట్టుకోవడానికి కర్ర కట్టారు. నిజం చెప్పాలంటే ఫైనాకూ సిగ్గేసింది. కిటికీలకు వెయ్యగా మిగిలిన నీలం రంగు ఆ కర్రకు తనే పూసింది.

గురువారం షూస్తికొవ్ కారు అవతల ఆపి, చంకలో ఫైలుతో నడిచి వచ్చాడు. మధ్యలో ఆగి మడమతో రెండుసార్లు తట్టి చూశాడు. ఫైనా ఇంట్లో చేప కూరిన రొట్టె, ఉప్పులో ఊరిన పుట్టగొడుగులు పెట్టారు. బాగా తిన్నాడు. తిని, అక్కడే కాగితం తీసి రాసి, సంతకం పెట్టి ఆమెకు చూపించాడు. "నడక వంతెన ఉన్నది. స్థితి సంతృప్తికరం. మరమ్మతు అవసరం లేదు."

ఫైనా రెండుసార్లు చదివింది.

"ఇదేంటండీ? అవి మేం నిన్న కొట్టిన చెక్కలు."

"బాగా కొట్టారు."

"మీరొస్తున్నారని కొట్టాం. దాని మీద అంబులెన్సు వస్తుందా?"

"కంటితో చూసిందే కదా ఫైనా ప్రోఖరొవ్నా, నేను రాయాల్సింది. నా కాళ్లతో నడిచొచ్చి వంతెన లేదని ఎలా రాయను?"

"మూడేళ్లుగా లేదని రాస్తూనే ఉన్నానుగా."

"లేనప్పుడు నేను రాలేదు కదా" అన్నాడు షూస్తికొవ్, మర్యాదగానే.

ఫైనా ఒళ్లు మండిపోయింది. లేచి, వసారాలో ఉన్న మేకులు పీకే ఇనప కడ్డీ తీసుకుని నదికి పోయింది. నడిమధ్య నుంచి ఒక్కో చెక్కా పీకడం మొదలుపెట్టింది. వెనకే తీహొన్ వచ్చాడు.

"అవి నా కొట్టం చెక్కలే, తల్లీ."

"తెలుసు బాబాయ్."

"అలా పీకితే చీలిపోతాయి. ఇటివ్వు" అని కడ్డీ అందుకుని తనే పీకాడు.

టీ తాగి షూస్తికొవ్ బయటికొచ్చేసరికి చెక్కలన్నీ ఒడ్డున పేర్చి ఉన్నాయి.

"నేనెలా పోవాలి?"

"మూడేళ్లుగా మేం పోయినట్టే. ఇప్పుడు కంటితో చూశారుగా, రాయండి."

"సంతకం అయిపోయిందమ్మా. కొట్టివేతలు కుదరవు."

ఫైలు కోటులో దోపుకుని, దూలానికి అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుని, జరుగుతూ జరుగుతూ పోయాడు. మధ్యలో ఒకసారి ఆగి కళ్లు మూసుకున్నాడు. అవతలికి చేరాక ప్యాంటు దులుపుకుని కారెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కారు కనుమరుగయ్యాక ఫైనా చెక్కల పక్కనే కూలబడింది. ఉన్న కాస్త దారీ తన చేతులతోనే పాడుచేసింది. కాగితంలో మాత్రం వంతెన ఉంది.

రదియోన్ నెమ్మదిగా, ప్రతి పదడుగులకూ ఆగుతూ ఒడ్డుకు వచ్చాడు. ఇల్లు దాటవద్దని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది.

"ఎందుకొచ్చావు?" అంది ఫైనా.

"రేపు శుక్రవారం. అవతలి ఒడ్డుకు రొట్టెల బండి వస్తుంది. ముసలాళ్లు ఎలా దాటుతారు?"

ఫైనాకు ఏడుపొచ్చింది. అతను కూర్చుని, వంకరపోయిన మేకుల్ని రాయి మీద పెట్టి ఒక్కొక్కటే తిన్నగా కొట్టసాగాడు. ఆయాసపడుతూనే కొడుతున్నాడు. ఆమె ఏడుస్తూనే లేచి సుత్తి తీసుకుంది. తీహొన్ చెక్కలు అందించాడు. ఒక్కో చెక్కకు రెండేసి మేకులు కొట్టుకుంటూ నది మధ్యకు వచ్చారు.

రదియోన్ ఒడ్డునుంచే చూస్తున్నాడు. "అక్కడ ఇంకో మేకు కొట్టు, ఫైనా. నన్ను మోసేవాళ్లు జారిపడకూడదు."

ఫైనా కొట్టింది.