ముడి నిలవని చెయ్యి

రేపల్లె పాసింజరు తెనాలిలో ఆగే వేళకి ఉమామహేశ్వరి ట్యూబులన్నీ స్టాండులో సర్దుకుని సిద్ధంగా ఉంటుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. మోచేతి పైన రబ్బరు పట్టీ ముడేసిందంటే నరం పైకి తేలాల్సిందే. ఆ ముడి మీద ఆమెకి కాస్త గర్వం కూడా ఉంది. ఉండదా మరి, పదకొండేళ్ళ సర్వీసు.

ఆ సోమవారం రైలు దిగి వచ్చిన పేరంటాలు అనే ఆమె చేతికి వేసిన ముడి ఊడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఊడింది.

"అది నిలవదులేమ్మా," అంది పేరంటాలు. నోటినిండా పుళ్ళు, మాట ముద్దముద్దగా వస్తోంది. "మా ఆయన పట్టుకుంటాడు, నువ్వు తీసేయ్."

బొబ్బలు లేని చోటు చూసుకుని పున్నారావు భార్య చేతిని మెత్తగా పట్టుకున్నాడు. పక్క బెంచీ మీదామె జడలో మల్లెదండ విడిపోయి పూలు రాలాయి. ఆమె వాటిని కొంగులోకి ఏరుకుని అవతలి బెంచీకి జరిగింది. పొద్దున రైల్లోనూ కూరగాయల మూటలు వాటంతటవే విడిపోయాయట. భట్టిప్రోలులో ఎక్కినవాళ్ళు వంకాయలు ఏరి ఇచ్చారట.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అనడిగింది ఉమామహేశ్వరి.

"బొబ్బలా, ముడులా?" అన్నాడు పున్నారావు. "రెండూ ఒక్కరోజే మొదలు, రెండు నెలలైంది. వలలు బాగుచేసే మనిషండి. ఇప్పుడు వల ముట్టుకుంటే ముడులు విడిపోయి కన్నుకి కన్ను ఊడిపోతోంది. బాపట్లలో ఎలర్జీ అన్నారు. రేపల్లెలో సర్పి అని ఎర్రమన్ను పూశారు. మూడ్రోజులుగా గంజి కూడా దిగట్లేదు. ఇక్కడా తేలకపోతే ఇక తిప్పనండి, ఇంట్లోనే ఉంచుకుంటాను."

చీటీలో షుగరూ మామూలు పరీక్షలే ఉన్నాయి. ఉమామహేశ్వరికి కాలేజీలో విన్న పాఠం గుర్తొచ్చింది. చర్మంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెంఫిగస్ అనే జబ్బులో మన రక్తంలోనే పుట్టే యాంటీబాడీలు ఆ పట్టు విప్పేస్తాయి. వాటిని రక్తపరీక్షలోనే పట్టుకోవచ్చు.

రెండేసి మెట్లు ఎక్కుతూ డాక్టరు పురుషోత్తం గదిలోకి దూసుకెళ్ళింది.

"సార్, పేరంటాలుగారికి పెంఫిగస్ పరీక్ష రాయండి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావమ్మా?"

"నా ముడి ఊడిపోయింది సార్."

ఆయన తలెత్తారు. "నీ ముడా?"

"రెండుసార్లు సార్."

డాక్టరు యాంటీబాడీ పరీక్ష రాశారు. చర్మం ముక్క తీసి పంపడానికి కూడా రాసి, పేరంటాలుని అప్పుడే చేర్చుకుని సెలైను పెట్టించారు. ఆమె రక్తం ఉన్న ట్యూబు పెట్టిన డబ్బాకి దారం ఎలాగూ ఆగదని నాలుగు వరసల ప్లాస్టరు అంటించి హైదరాబాదు పంపారు.

నాలుగు రోజులూ ఉమామహేశ్వరికి కాలు నిలవలేదు. ఫోను మోగినప్పుడల్లా రిపోర్టేనేమోనని ఎత్తేది. ఐదో రోజు రిపోర్టు వచ్చింది. ఉండాల్సినదానికి అంకె పదిరెట్లుంది. ఆ కాగితం పట్టుకుని వార్డుకి పరుగెత్తింది.

"పిన్నిగారూ, దొరికిందండీ. దీనికి మందుంది."

పున్నారావు కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. చర్మం ముక్క కూడా అదే మాట చెప్పడంతో మందు ఆ సాయంత్రమే మొదలైంది.

మూడు నెలల తర్వాత అంకె ఎంత తగ్గిందో చూడ్డానికి పేరంటాలు మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. ఒంటిమీద మచ్చలే మిగిలాయి. రైల్లో రెండిడ్లీ తిన్నానని అప్పటికే అందరికీ చెప్పింది. ఉమామహేశ్వరి పట్టీ ముడేసి, ఆ ముడినే చూస్తూ నిలబడిపోయింది. పక్క బెంచీ మీద పున్నారావు కూడా లేచి నిలబడ్డాడు.

కాసేపటికి పేరంటాలే నవ్వింది.

"చూసింది చాలుగానీ విప్పమ్మా, చెయ్యి లాగేస్తోంది."