సమాధికి ఒక రాయి

ఈస్టర్ నాడు తెల్లవారకముందే కొండపల్లిలో మా వాళ్ళందరూ సమాధుల తోటకు వెళ్ళి, కొత్తగా సున్నం వేసిన తమవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. రెండేళ్ళుగా నేను మా అత్తగారి సమాధి దగ్గర నిలబడుతున్నాను. బతికుండగా ఆవిడకీ నాకూ క్షణం పడేది కాదు. ఏం చెయ్యను, నా మొగుడికి సమాధి లేదు. సొలొమోను థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు వెల్డరు. జెట్టీ పనికని అండమాన్ వెళ్ళి, సునామీ రోజున సముద్రంలో కలిసిపోయాడు. శవం దొరకలేదు.

"ఆయన పోయినచోటి నుంచి ఏదో ఒకటి తెచ్చుకో మార్తమ్మా, అది పెట్టి సమాధి కట్టుకుందాం" అన్నారు పాస్టరుగారు. 2007 ఫిబ్రవరిలో మద్రాసు వెళ్ళి ఓడెక్కాను. దారి పొడుగునా వాంతులే.

ఆయన పనిచేసిన జెట్టీ నుంచి ఇప్పుడు పగడాల దీవులున్న సముద్రపు పార్కుకి బోట్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్ళ మీదికి వెళ్ళాలంటే నేనూ టూరిస్టునే కావాలి. బోటు అడుగున అద్దం ఉంది. కొత్త జంటలు వంగి చూస్తూ కేరింతలు కొడుతున్నారు. పగడమంటే ఉంగరంలో ఎర్రరాయని మాత్రమే తెలుసు నాకు. కింద చూస్తే కాలీఫ్లవర్ తోట వరదలో మునిగినట్టుంది. పసుపు చారల చేపలు గుంపుగా పోతున్నాయి. ఆకుపచ్చ చేప ఒకటి పగడాన్ని కొరుక్కు తింటోంది. నాకు ఒళ్ళు మండింది. మనిషిని మింగిన నీళ్ళకి ఇంత అందం ఎందుకు? అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. "అదుగో చూడు" అనడానికి పక్కన మనిషి లేక ఏడుపొచ్చింది.

దీవిలో దిగాక, ఒడ్డున అరచేతంత తెల్లరాయి ఏరి బ్యాగులో వేసుకున్నాను. తిరిగి బోటెక్కేచోట ఆమోసు అనే గార్డు బ్యాగులు వెతుకుతున్నాడు. నేను "ప్రభువా" అని గొణుక్కోవడం విన్నాడు కాబోలు, నా బ్యాగులోంచి రాయి తీసి తెలుగులోనే మాట్లాడాడు.

"రాయి కాదమ్మా, చచ్చిన పగడం. ఇక్కణ్ణించి గవ్వ కూడా బయటికి పోకూడదు."

"మా ఆయన్ని ఉంచేసుకున్నారు గదయ్యా! ఒక్క ముక్క ఇవ్వలేరా?" అని అందరి ముందూ అరిచేశాను. సునామీ సంగతి, సమాధి సంగతి అన్నీ చెప్పాను.

అతను ఆ ముక్కని మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"మా అమ్మాయి కూడా ఆ రోజే పోయిందమ్మా, ఈ నీళ్ళలోనే. దొరకలేదు. అడిగి మరీ ఇక్కడ డ్యూటీ వేయించుకున్నా. ఎవరేది పట్టుకుపోతున్నా దాన్నే పట్టుకుపోతున్నట్టు ఉంటదమ్మా నాకు. ఇంక మీ ఇష్టం" అని అటు తిరిగి నిలబడ్డాడు.

బోటువాడు కేకేస్తున్నాడు. నేను చీర తడుస్తున్నా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, ఆ ముక్కని అడుగున పెట్టి వచ్చాను.

"అమ్మాయి పేరేంటయ్యా?"

"క్రిస్టినా." అతను నా వైపు తిరిగాడు. "మీ ఆయన పేరమ్మా?"

చెప్పాను.

"రోజూ ఇక్కడే ఉంటాను. ఇద్దర్నీ చూసుకుంటాలెండి" అన్నాడు ఆమోసు.

సరేనని తలూపి, ఖాళీ బ్యాగుతో బోటెక్కాను.