తొమ్మిదో అంశం

క్లీవ్‌లాండ్ శివారులోని ఆష్‌మోర్ కౌన్సిల్లో చిన్న పనులన్నీ కట్టగట్టి ఒక్క ఓటుతో దాటించేస్తారు. వీధి దీపం మార్చడం, రాలిన ఆకులు ఎత్తించడం, చర్చివాళ్ల చేపల విందుకు అనుమతి, ఇలాంటివి. ఆ జాబితాను ఎవరూ చదవరు, ఎవరూ ఏమీ అడగరు. ఇరవై రెండేళ్లుగా దాన్ని టైపు చేస్తున్నది గుమాస్తా బెర్నడీన్ ఒక్కతే.

కిందటి నెల అందులో ఆమె టైపు చేయని తొమ్మిదో అంశం ఒకటి కనిపించింది. "బర్చ్ లేన్, 41వ నంబరు: ఊరి సేవల నుంచి తొలగింపు." ఏదో చెత్త బండి సంగతనుకుని ఊరుకుంది. కట్టతోపాటు అదీ గట్టెక్కింది. మర్నాడు చూస్తే ముప్పై తొమ్మిదికీ నలభై మూడుకీ మధ్య ఇల్లు లేదు. పచ్చిక ఉంది, ఏళ్ల తరబడి ఎవరో కోస్తున్నంత చదునుగా. ఆ ఇంట్లో ఉంటూ, ఆకులు ఎత్తలేదని వారం వారం వచ్చి ఆమె ప్రాణం తోడేసే లూబిన్ ముసలాయన ఏమయ్యాడని అడిగితే, "ఆయనెవరు?" అన్నారు అందరూ. సభ వివరాలు తన చేత్తో రాసినందుకేమో, ఆమెకు మాత్రం గుర్తుండిపోయాడు.

ఈ నెల తొమ్మిదో అంశం 43వ నంబరు. అందులో ఉండేది బెర్నడీన్ చెల్లెలు వాండా.

జాబితాలోంచి ఆ వాక్యాన్ని బెర్నడీన్ మూడుసార్లు తీసేసింది. మూడుసార్లూ అచ్చులో మళ్లీ వచ్చి కూర్చుంది. కట్టలోంచి ఒక అంశాన్ని విడదీసే హక్కు సభ్యులదే, గుమాస్తాది కాదు. అందుకే సభకు ముందు కాఫీ బల్ల దగ్గర గోర్డన్ ఫెన్‌స్కీని పట్టుకుంది. ఏడుగురు సభ్యుల్లో కాస్త మనసున్నవాడు అతనే.

"తొమ్మిది విడిగా పెట్టండి అనండి చాలు, గోర్డన్ గారూ. మీకు పుణ్యముంటుంది."

"ఇంతేనా? మీ వాండా చేసే పిరోగీ కుడుములు లంచమడుగుదామనుకున్నా! అంటాలే, పో" అని డోనట్ కొరికాడు.

వాండాను బెర్నడీన్ తనే కారులో తీసుకొచ్చి మూడో వరుసలో కూర్చోబెట్టింది.

"నాకెందుకో భయంగా ఉందక్కా. పొద్దున పోస్టువాడికి గుడ్ మార్నింగ్ చెప్తే, నేనక్కడ లేనట్టే వెళ్లిపోయాడు."

"నోర్మూసుకుని కూర్చో. నేనున్నాగా" అంది బెర్నడీన్.

గోర్డన్ మాట తప్పలేదు. "తొమ్మిది విడిగా పెట్టండి" అన్నాడు. బెర్నడీన్ గుండెల మీది బరువు దిగింది.

విడదీసిన అంశాన్ని చర్చించాలి మరి. అధ్యక్షురాలు అడెల్ ప్రూయిట్ దాన్ని పైకి చదివింది. వింటే ఎవరో ఒకరు ఉలిక్కిపడతారని బెర్నడీన్ ఆశ. ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

"ఒక్క ఇంటినే తీసేస్తే పక్షపాతం అనరూ?" అన్నాడు గోర్డన్.

"నిజమే. తీస్తే బర్చ్ లేన్ మొత్తం తీయాలి. మంచు తోసే బండి ఎలాగూ ఆ మలుపులో తిరగలేక చస్తోంది" అంది ప్రూయిట్.

"అయితే అలాగే సవరిద్దాం" అన్నాడు గోర్డన్, న్యాయం చేసినవాడి సంతోషంతో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

గుమాస్తా పేర్లు పిలిస్తే గాని ఓటు చెల్లదు. పిలవకూడదనుకుని బెర్నడీన్ పళ్లు బిగబట్టింది. ఏడు మొహాలూ ఆమె వైపు తిరిగాయి. వాటిలో కోపం లేదు, తొందర లేదు. ఇరవై రెండేళ్ల అలవాటు దానంతటదే ఆమె నోరు తెరిపించింది.

"ఫెన్‌స్కీ?"

"సరే."

"ప్రూయిట్?"

"సరే."

నాలుగో పేరు దగ్గర వాండా లేచి నిలబడింది. ఏదో అరుస్తోంది, మాట మాత్రం వినపడటం లేదు. బెర్నడీన్ పేర్లు పిలవడం ఆపాలని చూసింది. ఐదో పేరు కూడా పిలిచేసింది. ఆరో పేరు, ఏడో పేరు. తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది. తలెత్తి చూస్తే మూడో వరుసలో ఎవరూ లేరు.

సభ ముగిశాక గోర్డన్ వచ్చి ఆమె భుజం తట్టాడు. "చెప్పినట్టే చేశానా లేదా? ఏంటలా చూస్తున్నావు?"

"నాతో ఒక మనిషి వచ్చింది, గోర్డన్ గారూ. మూడో వరుసలో కూర్చుంది. మీరు చూశారుగా!"

అతను ఆ వరుస వైపు చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి జాలిగా చూశాడు.

"నువ్వెప్పుడూ ఒక్కదానివేగా వచ్చేది. నీకు మాత్రం ఎవరున్నారని, బెర్నడీన్?"