ఎర్ర చుక్క

దసరా వెళ్లిన మర్నాడు అశోక్‌నగర్ నుంచి నడిచి ఫ్యాక్టరీకి వచ్చేసరికి మిషన్లకు, త్రాసుకు, చివరికి చీపురుకు కూడా బొట్లు కనిపించాయి. నవ్వొచ్చింది. మూలనున్న సంచులు చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది. తొమ్మిదింటికీ ఎర్ర బొట్లే.

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో మాది పిల్లల దగ్గు మందుకు తెల్ల సీసాలు చేసే చిన్న ఫ్యాక్టరీ. నాణ్యత చూసేది నేను. సీసాల అంచుల్లో తెగిన ముక్కలను పారేయకుండా నుజ్జు చేసి కొత్త ప్లాస్టిక్‌లో కొంచెం కలుపుతాం. బయట కొన్న పాత డబ్బాల నుజ్జు వేరు. వాటిలో ఫినాయిల్ డబ్బాలుంటాయి, పురుగుమందువీ ఉంటాయి. దానితో ఆసుపత్రి చెత్తబుట్టలే చెయ్యాలి. చూడటానికి రెండూ తెలుపే. లేబుళ్లు వేయించమని అడిగి అడిగి విసిగిపోయి, సీసాలకు పనికొచ్చే నుజ్జు సంచుల మీద నేనే ఎర్ర రంగుతో చుక్క పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నుజ్జు మిషన్ బీరమ్మది. ఆ నుజ్జు సీసాల మిషన్‌లో పోసేదీ ఆమే. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

"ఈ బొట్లు ఎవరు పెట్టారు బీరమ్మా?"

"అన్నపూర్ణమ్మగారు. పండుగ పూట కొన్నిటికి పెట్టి కొన్నిటికి ఇడిసిపెడితె మంచిగుండదన్నరు."

అన్నపూర్ణ గారు మా యజమాని భార్య. ఏటా ఆయుధపూజ ఆవిడే చేస్తారు. ఈసారి పూజ రోజు నేను సెలవులో ఉన్నాను.

"పూజయ్యాక సీసాల మిషన్‌లో ఏది పోశావు?"

"పూజ జేసిన మిషన్ ఖాళీగ ఉండొద్దు, నడిపియ్యమన్నడు సారు. మీరు చెప్పినట్టే ఎర్రది చూసే పోసిన మేడం."

అంటే పురుగుమందు డబ్బాల నుజ్జూ అందులో పడి ఉండొచ్చు. ఆ సీసాల పెట్టెలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. మధ్యాహ్నానికి నారాయణగూడ గోడౌన్ నుంచి ట్రాలీ ఆటో వస్తుంది. నా సంతకం ఒక్కటే బాకీ.

యజమాని విశ్వేశ్వరరావు గారు అంతా విని, కాగితం నా ముందుకు తోశారు.

"పరీక్షల్లో పాసయ్యాయి కదమ్మా మహేశ్వరీ?"

"కింద పడేస్తే పగల్లేదు, కారలేదు. అందులో ఏ విషం ఉందో ఆ పరీక్షలు చెప్పవు సార్. పిల్లలు తాగేది."

"ఆపితే తప్పెవరిదో రాయాలి. మా ఆవిడ పేరు రాస్తావా? చూసుకుని పొయ్యాల్సింది బీరమ్మ. ఆమెను పంపించేస్తాను. నీకిష్టమేనా?"

ఎటు తిరిగినా గోడే. సంతకం పెడితే మొహం తెలియని పిల్లలు, పెట్టకపోతే రోజూ మొహం చూసే మనిషి. ఆయన మీద ఒళ్లు మండింది. అంతకన్నా నా మీద నాకే మండింది. పసుపు కుంకుమల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఎరుపు తప్ప ఇంకో రంగు దొరకలేదా నాకు?

"సీసాలు పనికిరావు. తప్పు నేను పెట్టిన గుర్తుది" అని రాసి సంతకం చేశాను.

"పంపిస్తే నన్ను పంపండి సార్."

ఆయన చదివి, కళ్లజోడు తీశారు.

"నిన్నెందుకు పంపిస్తానమ్మా? నీలాంటివాళ్లు దొరకొద్దూ? అసలీ పాత డబ్బాల తలనొప్పే వద్దు. రేపు ఈ సీసాలు నుజ్జు చేయించు. ఎల్లుండి ఆ నుజ్జు మిషన్ తీయించేద్దాం. మన ముక్కలూ చెత్తలో పారేద్దాం. బీరమ్మకిక ఇక్కడ పనుండదని నువ్వే చెప్పు."

బయట బీరమ్మ తడిగుడ్డతో సంచుల మీద కుంకుమ తుడుస్తోంది. నా రంగు చుక్కలు మళ్లీ బయటపడుతున్నాయి.

"రేపు ఈ సీసాలన్నీ నుజ్జు చెయ్యాలి" అని మాత్రం చెప్పాను.

"నన్ను పనిల కెళ్లి తీస్తరని పరేషానైన మేడం. మీరే ఆపిన్రట గద" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇగ జర పైలంగ ఉంట. ఎల్లుండి ముందుగాల ఏ సంచి పొయ్యాలె?"

"ఏదైనా ఒకటే బీరమ్మా" అన్నాను. తడిగుడ్డ తీసుకుని మిగిలిన బొట్లు తుడవసాగాను.