నా దిక్కు జూడు

బుచ్చయ్య గాలి నింపిన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ బుడగల కోసం వెతుకుతున్నాడు. అరవై దాటిన మనిషి. వేళ్ల సందుల్లోని నలుపు ఏ సబ్బుకూ వదలదు. పొద్దుటి నుంచి ఎడమ మోకాలు వాచి, పీట మీద కూర్చోవడమే కష్టంగా ఉంది. అయినా చెవి రోడ్డు మీదే ఉంది.

పురానాపూల్ దగ్గర మలుపు తిరగగానే అతని పంక్చర్ కొట్టు. కొట్టుకు ఎదురుగా నడిరోడ్డులో గుంత. ఎన్నిసార్లు పూడ్చినా వాన పడితే మళ్లీ కుంగుతుంది. కిందటి వానాకాలం, అందరికీ కనబడాలని, బుచ్చయ్యే అందులో కర్ర పాతాడు. భార్య ఆండాలుది పాత ఎర్ర చీర చింపి, ఆ గుడ్డను దానికి కట్టాడు. మూడో రోజున జుల్ఫికర్ అనే గాజుల వ్యాపారి మోటార్ సైకిల్ మీద మలుపు తిరిగాడు. పక్కన లారీ పట్టేంత ఖాళీ ఉంది. అయినా బండి గీత గీసినట్టు కర్ర మీదికే వెళ్లింది. బుచ్చయ్య ఒళ్లో తల పెట్టుకుని అతను అన్న చివరి మాట:

"ఎర్రగుడ్డ తప్ప ఇంకేం కనవడలే, భాయ్."

ఆ మాట బుచ్చయ్యను వదల్లేదు. అప్పటి నుంచి పడేవాళ్లను గమనించాడు. బెదిరినవాడి కన్ను బెదిరించినదానికే అతుక్కుంటుంది. మెడ, భుజాలు, బండి, అన్నీ కన్ను వెంటే పోతాయి. వేళ్లు ముందు బ్రేకును బిగించేస్తాయి, తడిలో చక్రం జారుతుంది. తప్పించుకునే దారి పక్కనే ఉంటుంది. దాన్ని చూసేవాడే ఉండడు.

అందుకే కర్ర పీకేశాడు. వాన పడినప్పుడల్లా తెల్ల తువ్వాలతో తనే గుంత పక్కన, బాగున్న రోడ్డు మీద నిలబడి అరుస్తాడు. బండ్ల మీద వచ్చేవాళ్లు అతన్ని చూస్తారు. బండి అతని వైపు తిరుగుతుంది. దగ్గరికి వచ్చేసరికి అతను రెండడుగులు వెనక్కి వేసి కొట్టు అరుగెక్కుతాడు.

మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. బుచ్చయ్య ట్యూబు మీద రాయి పెట్టి, మోకాలు పట్టుకుని లేచాడు.

"సర్కారు జీతం ఎప్పుడిస్తదంట, బుచ్చన్నా?" పక్క చాయ్ కొట్టులోంచి గులాం నబీ నవ్వాడు. "కాలు గట్ల ఈడుస్తున్నవ్. ఇయ్యాల కూసోరాదు!"

"వాన కూసుంటదా, నబీ భాయ్? చాయ్ పెట్టు, వస్త."

నాలుగు బండ్లను దాటించాడు. ఐదోది వేగంగా వచ్చింది. నడిపే మనిషికి ముప్పై ఏళ్లుంటాయి, మెడలో ఆఫీసు కార్డు. గుంతను చూసి కొయ్యబారిపోయాడు.

"ఏయ్, నా దిక్కు జూడు! నా దిక్కు!"

చూశాడు. బండి గుంత అంచు నుంచి ఇటు తిరిగింది. బుచ్చయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగుకు మోకాలు వంగలేదు.

గులాం నబీ పరుగెత్తి వచ్చేసరికి, బండి హ్యాండిల్ ఛాతీలో గుద్దిన బుచ్చయ్య అరుగుకు చేరగిలబడి ఉన్నాడు. పైకి పెద్ద గాయమేమీ లేదు. బండి నడిపిన మనిషి ఎదురుగా కూలబడ్డాడు.

"మీరు చూడమన్నరు, కాకా... మిమ్మల్నే చూసిన..."

"మంచిగనే చూసినవ్, బిడ్డా. నేనే జరగలే. నీకేం తాకలే గద?"

లేదన్నట్టు అతను తల ఊపాడు. బుచ్చయ్య చూపు మాత్రం గుంత పక్కనున్న ఖాళీ దారి మీద ఆగిపోయింది. కాసేపటికి గులాం నబీ ఆ కళ్లను మూశాడు.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. తొట్టిలో, రాయి కింద ఉన్న ట్యూబు నుంచి సన్నటి బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తూ ఉన్నాయి.